37 దాటిన అంకె

చిలమత్తూరు మండలం కొడికొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఆంధ్రప్రదేశ్‌ను దాటి కర్ణాటకలోకి అడుగుపెడుతుంది. అక్కడి నుంచి దక్షిణానికి పోతే బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగుళూరు సుమారు వంద కిలోమీటర్లు. పడమటికి తిరిగితే చిలమత్తూరు, లేపాక్షి దాటి హిందూపురం. ఉత్తరానికి పోతే పెనుకొండ, ఆ పైన ధర్మవరం. జబ్బుపడిన మనిషి వైద్యం కోసం పట్టే దారులూ ఇవే. అయితే ఇటీవలి కాలంలో ఈ దారుల్లో మనిషికంటే ముందు మనిషి రక్తం ప్రయాణం చేస్తోంది: పొద్దున పరగడుపున హిందూపురంలో తీసిన నమూనా చల్లటి పెట్టెలో పెద్ద నగరపు ప్రయోగశాలకు చేరి, మర్నాటికల్లా ఫలితం సెల్‌ఫోనులోకి వచ్చి పడుతుంది. చక్కెర, కొలెస్టరాల్, థైరాయిడ్ పరీక్షలతో పాటు ‘ఫుల్ బాడీ చెకప్’ పేరిట అమ్మే కొన్ని పట్టికల్లో ‘ట్యూమర్ మార్కర్లు’ అనే వరుస కూడా కనిపిస్తుంది. అందులో క్లోమానికి సంబంధించినదిగా చెప్పే పరీక్ష పేరు సిఏ 19-9. దాని పక్కన ‘37 లోపు’ అన్న హద్దు అచ్చయి ఉంటుంది. ఫలితం ఆ హద్దు దాటితే అంకె నల్లటి లావుపాటి అక్షరాల్లో వస్తుంది, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఈ పరీక్ష చుట్టూ రెండు పొరపాట్లు ఏకకాలంలో జరుగుతున్నాయి. ఏ బాధా లేని మనిషి కాగితం మీది అంకెను చూసి క్యాన్సరే వచ్చిందని కుంగిపోవడం మొదటిది. కళ్ళు పచ్చబడి, ఒళ్ళు తగ్గిపోతున్న మనిషి ఏ స్కానింగూ చేయించుకోకుండా పసరు మందు కోసం ఊళ్ళు తిరగడం రెండోది. భయపడనక్కరలేని చోట భయం, తొందరపడవలసిన చోట తాత్సారం పేరుకుపోవడానికి మూలకారణం ఒకటే: అంకె తనంతట తానే అర్థం చెబుతుందన్న నమ్మకం. ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎవరి రక్తంలో ఏ సందర్భంలో కొలిచారో తెలియకుండా దానికి అర్థం లేదని చూపడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

ముందుగా అవయవం సంగతి. శరీరంలోని ముఖ్యమైన అవయవాల్లో తెలుగు జనవ్యవహారం పేరు పెట్టకుండా వదిలేసినది క్లోమం. మాంసం కొట్టులో కార్జానికి, గుండెకాయకు, బోటికి వేరువేరు పేర్లూ వేరువేరు ధరలూ ఉన్నాయి గానీ దీన్ని అడిగేవాళ్ళు లేరు. క్లోమం అన్న మాట సంస్కృతం నుంచి వచ్చి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ఆయుర్వేద సంహితలు దప్పికకు మూలస్థానాల్లో ఒకటిగా చెప్పిన క్లోమం ఈ అవయవమేనా, వేరొకటా అన్న విషయంలో పండితుల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. వైద్యులు వాడే పేరు పాంక్రియాస్. జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ఆనుకొని, అడ్డంగా పడుకున్నట్టు ఉండే ఈ గ్రంథి పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు మించదు. దీని తలభాగం ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి మలుపు, ఒడిలో ఇమిడి ఉంటుంది. కాలేయం నుంచి దిగివచ్చే పైత్యరస నాళం ఆ తలభాగంలోంచే దూరి పేగులోకి తెరుచుకుంటుంది. ఈ ఒక్క నిర్మాణ వివరం గుర్తుంచుకుంటే, ముందు వచ్చే కామెర్ల కథ సగం అర్థమైనట్టే.

క్లోమానికి రెండు వృత్తులు. రోజుకు లీటరుకు పైగా జీర్ణరసాన్ని తయారుచేసి పేగులోకి పంపడం మొదటిది. ఆ రసంలో కొవ్వును విడగొట్టే లైపేజ్, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ వంటి ఎంజైములు ఉంటాయి. రెండో వృత్తి ఇన్సులిన్ వంటి హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదలడం. ఆ పని చేసే కణాలు గ్రంథి అంతటా చిన్నచిన్న దిబ్బలుగా చెదరి ఉంటాయని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి గుర్తించాడు. అందుకే వాటిని లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. గ్రంథి బరువులో వాటి వాటా నూటికి ఒకటి రెండు వంతులే. అయినా క్లోమం పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది చక్కెర జబ్బే. క్లోమ క్యాన్సర్లలో అత్యధిక భాగం మాత్రం ఆ పుటికల్లో పుట్టదు, జీర్ణరసాన్ని మోసే సన్నని నాళాల లోపలి పొరలో పుడుతుంది. యాపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు వచ్చినది హార్మోన్ కణాల నుంచి పుట్టే అరుదైన రకం. గోవా ముఖ్యమంత్రిగా ఉంటూ 2019లో మరణించిన మనోహర్ పారికర్ జబ్బునూ, జాబ్స్ జబ్బునూ పత్రికలు ఒకే పేరుతో రాసినా, అన్ని క్లోమ కణితుల నడక ఒకటి కాదు. సిఏ 19-9 ప్రధానంగా నాళాల పొరలో పుట్టే రకానికి సంబంధించిన పరీక్ష.

కణితి ఉన్నప్పుడు రక్తంలోనో మూత్రంలోనో పెరిగే పదార్థాన్ని ట్యూమర్ మార్కర్, అంటే కణితి సూచిక, అంటారు. 1840ల్లో లండన్‌లో హెన్రీ బెన్స్ జోన్స్ ఒక ఎముకమజ్జ రోగి మూత్రంలో కనుగొన్న వింత మాంసకృత్తిని ఈ వంశానికి మూలపురుషుడిగా లెక్కిస్తారు. 1965లో కెనడాలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో సిఇఏ అనే పదార్థాన్ని గుర్తించినప్పుడు, ఒక్క రక్తపుచుక్కతో క్యాన్సర్‌ను ముందే పట్టేయవచ్చన్న ఆశ లోకమంతా వ్యాపించింది. పొగతాగేవాళ్ళలో ఏ క్యాన్సరూ లేకుండానే సిఇఏ పెరుగుతుందని ఆ తర్వాత తేలింది. ఆశ మొదట, సవరణ తర్వాత. ఈ సూచికలన్నింటి చరిత్రా ఇంచుమించు ఇదే వరుసలో నడిచింది.

1975లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే అచ్చులో పోసినట్టుండే యాంటీబాడీలను తయారుచేసే పద్ధతిని కనిపెట్టారు. యాంటీబాడీ అంటే శరీరం బయటి పదార్థాన్ని పట్టుకోవడానికి తయారుచేసుకునే మాంసకృత్తి. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్నే, తాళానికి తాళంచెవిలా, పట్టుకుంటుంది. ఈ పద్ధతిని అందిపుచ్చుకొని, నోటిద్వారా ఇచ్చే పోలియో టీకాకు ఆద్యుడైన హిలరీ కోప్రోవ్‌స్కీ నాయకత్వంలోని బృందం, ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో, మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించి, వాటిలో పుట్టిన యాంటీబాడీలను ఒక్కొక్కటిగా వేరుచేసి 1979లో ఫలితాలను ప్రకటించింది. వాటిలో ఒకదానికి ప్రయోగశాల లెక్కల పుస్తకంలో పడిన గుర్తు 19-9. అది పట్టుకునే పదార్థమే సిఏ 19-9. పేరులోని అంకెలకు ఇంతకు మించిన అర్థం లేదు. అవి జబ్బు తీవ్రతను గానీ దశను గానీ చెప్పవు. ఈ పరీక్ష పేగు క్యాన్సర్ కోసం మొదలై, తర్వాత క్లోమానికి అతుక్కుపోయిందన్నది కూడా గమనించదగినదే.

ఆ పదార్థం అసలు ఏమిటన్నది 1980ల మొదట్లో తేలింది. అదొక చక్కెర గొలుసు. కణాల పైపొరల మీద మొలకల్లా నిలిచే చిన్న చక్కెర గొలుసులే రక్త గ్రూపులకు ఆధారం. ఏ, బి, ఓ గ్రూపులు అందరికీ తెలిసినవే, లూయిస్ అనే మరో గ్రూపు ఉందన్నది మాత్రం చాలామందికి తెలియదు. 1946లో ఆర్థర్ మౌరాంట్ వర్ణించిన ఈ గ్రూపుకు చెందిన గొలుసు చివర సియాలిక్ ఆమ్లం అనే తోక తగిలిస్తే వచ్చేదే సిఏ 19-9. అంటే ఇది క్యాన్సర్ కణం కొత్తగా సృష్టించిన విషం కాదు. ఆరోగ్యవంతుల క్లోమ నాళాలు, పైత్యరస నాళాలు, జీర్ణాశయపు పొర రోజూ కొద్దికొద్దిగా తయారుచేసి రసాల్లోకి వదిలే సరుకే. నాళం మూసుకుపోతే ఆ సరుకు వెనక్కి తన్ని రక్తంలోకి చేరుతుంది. కణితి అయినా రాయి అయినా వాపు అయినా, అడ్డం పడితే జరిగేది అదే.

రక్త గ్రూపుతో ఉన్న ఈ చుట్టరికం వల్ల రెండు విశేషాలు పుడతాయి. లూయిస్ చక్కెరను తయారుచేసే జన్యువు పనిచేయని మనుషులు కొందరుంటారు. పాశ్చాత్య జనాభాల్లో వాళ్ళు నూటికి 5 నుంచి 10 మంది అని అంచనా. వాళ్ళ రక్తంలో సిఏ 19-9 పుట్టదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. అలాంటి వ్యక్తికి క్లోమ క్యాన్సర్ ముదిరిపోయినా ఫలితం 2 అనో 3 అనో వచ్చి కూర్చుంటుంది. మరోవైపు, స్రావకత్వానికి, అంటే గ్రూపు చక్కెరలను స్రావాల్లోకి వదిలే గుణానికి, సంబంధించిన ఇంకో జన్యువు పనిచేయనివాళ్ళలో ఏ జబ్బూ లేకుండానే ఈ పదార్థం సగటుకంటే ఎక్కువగా ఉంటుంది. ఒకరికి 20 ఎక్కువ, మరొకరికి 45 సహజం. అందరికీ ఒకే హద్దు గీసి అచ్చువేసే ప్రయోగశాల కాగితానికి ఈ తేడా తెలియదు.

ఇక ఆ 37 ఎక్కడిది? 1980ల తొలినాళ్ళలో ఈ పరీక్షను తయారుచేసినవాళ్ళు ఆరోగ్యవంతులైన రక్తదాతల రక్తాన్నీ, క్యాన్సర్ రోగుల రక్తాన్నీ కొలిచి చూసి, దాదాపు రక్తదాతలందరూ కిందికి వచ్చేలా, రోగుల్లో ఎక్కువమంది పైకి వచ్చేలా మిల్లీలీటరుకు 37 యూనిట్ల దగ్గర గీత గీశారు. ఆ యూనిట్ కూడా గ్రాము, మిల్లీగ్రాముల్లాంటి ప్రకృతి కొలత కాదు; పరీక్ష కోసం కల్పించుకున్నది. 36కూ 38కీ మధ్య శరీరంలో ఏ తలుపూ మూసుకోదు, ఏ తలుపూ తెరుచుకోదు. లక్షణాలున్న రోగుల్లో ఈ గీత క్లోమ క్యాన్సర్‌ను నూటికి సుమారు 80 సందర్భాల్లో పట్టుకుంటుంది, తక్కినవాటిని వదిలేస్తుంది. నూటికి 80 అంటే గొప్ప పరీక్షే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దాన్ని కొంచెం లెక్కవేసి చూడాలి.

హిందూపురం పట్టణ జనాభా 2011 జనగణన ప్రకారం సుమారు లక్షన్నర. అందులో ఏ బాధా లేని లక్షమంది పెద్దవాళ్ళను పిలిచి ఈ పరీక్ష చేయించారనుకుందాం. మన దేశంలో క్లోమ క్యాన్సర్ ఏటా కొత్తగా వచ్చేది లక్షకు ఒకరిద్దరికి. అయినా ఉదారంగా పోయి, ఆ లక్షమందిలో తెలియకుండా దాగిన క్యాన్సర్లు 10 ఉన్నాయని పెట్టుకుందాం. నూటికి 80 చొప్పున పరీక్ష అందులో 8 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. జబ్బు లేని తక్కినవాళ్ళలో నూటికి ఒకటిన్నర మందికి మాత్రమే అంకె పొరపాటున హద్దు దాటుతుందని తీసుకున్నా, వాళ్ళ సంఖ్య 1,500 అవుతుంది. ఇప్పుడు హద్దు దాటిన కాగితాలు చేతిలో పట్టుకొని 1,508 మంది వరుసలో నిలబడతారు, వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు 8 మంది. 188 మందిలో ఒకరు. మిగిలిన 187 మందీ స్కానింగులు, ఎండోస్కోపీలు, వడ్డీకి తెచ్చిన డబ్బు, నిద్రలేని రాత్రుల రూపంలో మూల్యం చెల్లిస్తారు. వదిలిపోయిన ఇద్దరేమో ‘నార్మల్’ అన్న కాగితాన్ని బీరువాలో దాచుకుంటారు.

ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. దక్షిణ కొరియాలో ఏ లక్షణాలూ లేని 70,940 మందికి ఈ పరీక్ష చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. అంకె హద్దు దాటినవాళ్ళు 1,063 మంది, వాళ్ళలో క్లోమ క్యాన్సర్ ఉన్నవాళ్ళు నలుగురు. అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల సంఘం లక్షణాలు లేనివాళ్ళలో క్లోమ క్యాన్సర్ కోసం జల్లెడ పట్టడం వద్దని 2004లో చెప్పి, 2019లో మళ్ళీ అదే మాటను ఖాయం చేసింది. బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాలు, కొన్ని వంశపారంపర్య జన్యులోపాలున్నవాళ్ళు దీనికి మినహాయింపు. వాళ్ళ విషయంలోనూ ఆధారపడేది ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ల మీదే గానీ సిఏ 19-9 ఒక్కదాని మీద కాదు.

అదే పరీక్షను వేరే చోట పెట్టి చూడాలి. కామెర్లు వచ్చి, బరువు తగ్గి, స్కానింగులో క్లోమం తల దగ్గర గడ్డ కనిపించిన 100 మంది ఒక పెద్దాసుపత్రికి వచ్చారనుకుందాం. వాళ్ళలో 60 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష 48 మందిని పట్టుకుంటుంది. తక్కిన 40 మందిలో రాళ్ళ వల్లో వాపు వల్లో 8 మందికి అంకె పెరిగిందన్నా, హద్దు దాటిన 56 మందిలో 48 మందికి నిజంగా జబ్బుంటుంది. అదే రక్తం, అదే యంత్రం, అదే 37. మారినది పరీక్షకు ముందు ఆ మనిషికి జబ్బు ఉండే అవకాశం. ‘పరీక్ష ఎంత మంచిది’ అని అడిగే ముందు ‘ఎవరికి చేశారు’ అని అడగాలని వైద్యులు చెప్పేది ఇందుకే. ఈ లెక్క ఎనిమిదో తరగతి గణితానికి మించినది కాదు, అయినా పరీక్షల పట్టికలు అమ్మేచోట దీన్ని ఎవరూ చెప్పరు.

అంకెను పెంచే ఇతర కారణాల వరుస పొడుగాటిదే. పిత్తాశయంలోని రాయి జారి పైత్యరస నాళాన్ని మూస్తే, దానికి చీము పట్టి చలిజ్వరం వస్తే, ఈ అంకె వందల్లోకి, ఒక్కొక్కసారి వేలల్లోకి పోతుంది. రాయి తీసి నాళం తెరిచిన కొన్ని వారాలకు మళ్ళీ దిగివస్తుంది. అందువల్ల కామెర్లున్న మనిషిలో సిఏ 19-9ను కామెర్ల కొలత అయిన బిలిరుబిన్‌తో కలిపి చదవాలి, అడ్డం తొలగిన తర్వాత మళ్ళీ కొలవాలి. క్లోమం వాపు, కాలేయం గట్టిపడే సిరోసిస్, అదుపు తప్పిన చక్కెర జబ్బు, అండాశయ తిత్తులు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధులు కూడా దీన్ని ఎంతో కొంత పెంచుతాయి. జీర్ణాశయం, పెద్దపేగు, పైత్యరస నాళాల క్యాన్సర్లలోనూ పెరుగుతుంది కాబట్టి, క్యాన్సరే అయినా అది క్లోమానిదేనని ఈ పరీక్ష చెప్పలేదు. ఒక ప్రయోగశాల యంత్రానికీ మరో ప్రయోగశాల యంత్రానికీ ఫలితం తేడా వస్తుంది. హిందూపురంలో 42, బెంగుళూరులో 60 అయినంత మాత్రాన జబ్బు పెరిగినట్టు కాదు. జుట్టు ఊడకుండా, గోళ్ళు విరగకుండా వాడే బయోటిన్ బిళ్ళలు కొన్ని రకాల యంత్రాలను తప్పుదారి పట్టించి అంకెను లేనిపోని విధంగా తగ్గించి చూపగలవు. రక్తం ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పాలని చాలామందికి తెలియదు.

క్లోమం గురించిన ఆందోళనకు ఈ నేలలో ఇంకో కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఉష్ణమండల దేశాల్లో, ముఖ్యంగా దక్షిణ భారతంలో, మద్యం ముట్టని పిల్లల్లో, యువకుల్లో క్లోమం ఏళ్ళ తరబడి వాచి, ఎండి, దాని నాళంలో సున్నపురాళ్ళు కట్టే జబ్బు ఒకటి కనిపిస్తుంది. కేరళలో పి.జె. గీవర్గీస్ 1960ల నుంచి వందలాది రోగులను పరిశీలించి దీన్ని వెలుగులోకి తెచ్చాడు. చిన్నతనంలో విడవకుండా వచ్చే కడుపునొప్పి, యౌవనంలో చక్కెర జబ్బు, ఎక్స్‌రేలో క్లోమం ఉన్నచోట తెల్లటి రాళ్ళ వరుస దీని ఆనవాళ్ళు. కేరళ పేదల ఆహారమైన కర్రపెండలంలోని సయనైడ్ పుట్టించే పదార్థాలే కారణమని చాలాకాలం అనుకున్నారు. అయితే కర్రపెండలం తినని ప్రాంతాల్లోనూ ఈ జబ్బు ఉండటంతో ఆ సిద్ధాంతం నిలబడలేదు. రాగి సంగటి, శెనక్కాయల నేల అయిన అనంతపురం ప్రాంతానికి అది మొదటినుంచీ అతకని వివరణే.

ఈ ముడిని విప్పడంలో హైదరాబాదుకు చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. అక్కడి సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో గిరిరాజ్ చందక్ బృందం, డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులతో కలిసి, ఈ రోగుల జన్యువులను పరిశీలించి 2002లో ఒక ఫలితాన్ని ప్రకటించింది. ట్రిప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తులను కోసే కత్తి. క్లోమం దాన్ని ఒరలో పెట్టి పేగుకు పంపుతుంది, పేగులోకి వెళ్ళాకే ఒర తొలగుతుంది. దారిలోనే ఒర ఊడిపోతే ఆ కత్తిని ఆపడానికి స్పింక్-1 అనే జన్యువు తయారుచేసే అడ్డుగోడ లాంటి మాంసకృత్తి ఉంటుంది. వంశపారంపర్యంగా క్లోమం వాచే ఐరోపా కుటుంబాల్లో ట్రిప్సిన్ జన్యువులోనే లోపం కనిపించగా, ఇక్కడి రోగుల్లో చాలామందికి లోపం ఆ అడ్డుగోడలో ఉన్నట్టు తేలింది. అయితే అదే మార్పు ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది కాబట్టి, జన్యువు ఒక్కటే జబ్బు తెచ్చిపెట్టదు, మరేవో కారణాలు తోడుకావాలి.

రాళ్ళు కట్టిన ఇలాంటి క్లోమంలో క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చెన్నైలో వి. మోహన్, సురేశ్ చారి తదితరులు 185 మంది రోగులను అనుసరించి 1994లో వేసిన అంచనా సుమారు వంద రెట్లు. చిన్న సంఖ్యల మీద కట్టిన అంచనా కాబట్టి ఆ వందను అక్షరాలా పట్టుకోకూడదు గానీ దిశ మాత్రం స్పష్టం. అదే సురేశ్ చారి తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్‌లో, 50 ఏళ్ళు దాటాక కొత్తగా చక్కెర జబ్బు వచ్చిన 2,122 మంది రికార్డులను పరిశీలించి, మూడేళ్ళలోపు 18 మందిలో క్లోమ క్యాన్సర్ బయటపడిందని 2005లో చూపించాడు. నూటికి ఒకరికన్నా తక్కువ. అంటే యాభై దాటి షుగరు వచ్చిన ప్రతివాళ్ళూ భయపడనక్కరలేదు. కానీ కుటుంబంలో ఎవరికీ చక్కెర జబ్బు లేకుండా, లావు ఎక్కకుండా, పైగా బరువు తగ్గుతూ ఉన్నట్టుండి షుగరు బయటపడితే, మాత్రలు రాయించుకొని ఊరుకోకుండా కడుపు స్కానింగు ఒకటి చేయించమని వైద్యుణ్ణి అడగడం న్యాయమైన కోరికే. బీడీ, సిగరెట్ల వల్ల ఈ క్యాన్సర్ ముప్పు దాదాపు రెండింతలవుతుందన్నది మరో తిరుగులేని సంగతి. 37 దాటిన కాగితాన్ని చూసి దడుచుకున్న మనిషి జేబులో బీడీకట్ట అలాగే ఉండటం తరచుగా కనబడే వైపరీత్యం.

ఇప్పుడు రెండో పొరపాటు దగ్గరికి రావాలి. క్లోమం తలలోంచి పైత్యరస నాళం దూరి పోతుందని పైన చెప్పుకున్నాం. అక్కడ కణితి మొలిస్తే నాళం మెల్లగా నొక్కుకుపోయి పైత్యరసం రక్తంలోకి ఎగదన్నుతుంది. కళ్ళు, చర్మం పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాషన్ రంగుకు తిరుగుతుంది, పైత్యం చేరని మలం సున్నంలా తెల్లబారుతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది, జ్వరం గానీ నొప్పి గానీ పెద్దగా ఉండదు. 1890లోనే లుడ్విగ్ కూర్వాజియే అనే స్విస్ శస్త్రవైద్యుడు, నొప్పిలేని కామెర్లతో పాటు ఉబ్బిన పిత్తాశయం చేతికి తగిలితే కారణం రాయి కాకపోవచ్చునని రాశాడు. రాయలసీమ పల్లెల్లో కామెర్లు అనగానే మొదట గుర్తొచ్చేది ఆకు పసరు, కంట్లో వేసే చుక్కలు, చేతిమీద పెట్టే వాత. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి ఆ పేరు పసరుకు దక్కింది. ఆ కీర్తే అడ్డంకి వల్ల వచ్చే కామెర్లలో ప్రాణం మీదికి తెస్తుంది. క్లోమ క్యాన్సర్‌ను గుర్తించే నాటికి కోసి తీసేయగల స్థితిలో ఉండేవాళ్ళు నూటికి 15 నుంచి 20 మందే. తలభాగపు కణితి కామెర్ల రూపంలో తొందరగా బయటపడటం ఈ జబ్బు మనిషికి ఇచ్చే అరుదైన అవకాశం. పథ్యం పేరిట, పసరు పేరిట నెల రోజులు గడిస్తే ఆ అవకాశం చేజారుతుంది. వాడుకలో నిలిచిన ఒక వైద్యాన్ని తప్పుపట్టడం చాలామందికి నచ్చదు. అయినా ఈ ఒక్క సందర్భంలో మొహమాటానికి చోటు లేదు.

ఏ లక్షణాలూ లేకుండా చేయించుకున్న పరీక్షలో సిఏ 19-9 కొద్దిగా, అంటే 40 నుంచి 100 మధ్య, పెరిగి కనిపిస్తే జరగవలసిన పని తీరైనది, తొందరలేనిది. వైద్యుడు కామెర్లు, నొప్పి, బరువు, చక్కెర, మద్యం, పొగాకు, వాడే మందుల గురించి అడుగుతాడు. కాలేయ పరీక్షలు, చక్కెర పరీక్ష, కడుపు అల్ట్రాసౌండ్ చేయిస్తాడు. కొన్ని వారాల తర్వాత అదే ప్రయోగశాలలో అదే పరీక్షను మళ్ళీ చేయిస్తాడు. చాలామందిలో అంకె దిగిపోతుంది, లేదా ఉన్నచోటే నిలిచిపోతుంది. అంతకంతకు పెరుగుతూ పోతేనో, పై లక్షణాల్లో ఏదైనా తోడైతేనో క్లోమాన్ని సన్నని పొరలుగా చూపే సిటి స్కాన్ అవసరమవుతుంది. అల్ట్రాసౌండ్‌కు పేగుల్లోని గాలి అడ్డం వచ్చి క్లోమం సరిగా కనబడదు కాబట్టి అందులో ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన అనుమానం ఉన్న రోగిలో పరిశోధన ఆపకూడదు. గడ్డ నుంచి ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసేదాకా క్యాన్సర్ అన్న పేరును ఏ రక్తపరీక్షా ఖాయం చేయలేదు.

ఈ పరీక్షకు అసలైన పని క్యాన్సర్ నిర్ధారణ అయిన తర్వాత మొదలవుతుంది. ఆపరేషన్‌కు ముందు అంకె వేలల్లో ఉంటే జబ్బు పాకి ఉండవచ్చని శస్త్రవైద్యుడు జాగ్రత్తపడతాడు. ఆపరేషన్ తర్వాత అది పడిపోతే మంచి సూచన, కీమోథెరపీ నడుమ మెల్లగా తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, తగ్గి మళ్ళీ పెరిగితే స్కానింగు చేయవలసిన సమయం వచ్చినట్టు. ఒంటరి అంకె మూగది, వరుసగా నాలుగు అంకెలు ఉంటే అవి మాట్లాడతాయి. ఈ పనికోసమే పాత కాగితాలన్నీ ఒక సంచిలో భద్రంగా దాచుకోవడం అవసరం.

వైద్యం అందే చోట్లు ఈ ప్రాంతానికి మరీ దూరంలో లేవు. హిందూపురం ప్రభుత్వాసుపత్రి, ధర్మవరం దగ్గర బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రి, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మొదటి మెట్లు. పైమెట్టు 1973లో బెంగుళూరులో ఏర్పడిన కిద్వాయి క్యాన్సర్ సంస్థ, హైదరాబాదు ఆసుపత్రులు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదటి విడతగా ప్రారంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్సలు, కీమోథెరపీ ఉన్నాయి. చెకప్ పట్టికలకు ఖర్చుపెట్టే ముందు ఆ కార్డు చెల్లుబాటులో ఉందో లేదో సరిచూసుకోవడం మేలు.

చిలమత్తూరు అయినా, పెనుకొండ అయినా, ఇంట్లో ఎవరికైనా నొప్పిలేకుండా కళ్ళు పచ్చబడి, మలం తెల్లబారితే, పసరు ఎక్కడ వేస్తారని విచారించకుండా ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళి బిలిరుబిన్ పరీక్ష, కడుపు స్కానింగు చేయించండి. సిఏ 19-9 అవసరమా కాదా అన్నది ఆ తర్వాత వైద్యుడు తేలుస్తాడు.